మేక్‌బెత్‌లో నెత్తురు: అంటింది ఎవరికి, కనిపించింది ఎవరికి?

నాగావళి_గట్టు (ఎచ్చెర్ల)

అందరికీ నమస్కారం. ఎచ్చెర్లలో ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్. నాకు పడిన అంశం షేక్స్‌పియర్ 'మేక్‌బెత్'లో పదేపదే వచ్చే రక్తం. టెన్షన్ ఏంటంటే, ఏ గైడ్ తిరగేసినా ఒకటే మాట: రక్తం అంటే అపరాధ భావన. ఆ మాట చెప్పేసి కూర్చుంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది.

పైగా నాటకం చదువుతుంటే ఆ మాట అతకడం లేదు. మొదటి అంకం రెండో రంగం మొదలవడమే డంకన్ రాజు ప్రశ్నతో: ఒళ్లంతా నెత్తురుతో వస్తున్న ఆ మనిషి ఎవరు అని. వచ్చినవాడు యుద్ధంలో గాయపడిన సైనికుడు. మేక్‌బెత్ కత్తి నెత్తుటితో ఆవిర్లు కక్కిందనీ, తిరుగుబాటుదారుణ్ణి బొడ్డు నుంచి దవడ దాకా చీల్చేసి తల కోటగోడ మీద పెట్టాడనీ చెబుతాడు. వింటున్న రాజు మురిసిపోతాడు. నీ మాటల్లాగే నీ గాయాలూ నీకు గౌరవమే అని ఆ సైనికుణ్ణి మెచ్చుకుంటాడు. ఇందులో అపరాధం ఎక్కడుంది? ఇదే నెత్తురు రెండో అంకానికల్లా కడిగేసుకోవాల్సిన మురికి ఎలా అయింది? పెద్దలు ఎవరైనా దారి చూపించండి.

పలాస_జీడిపప్పు (ఊరు పలాస, ఉద్యోగం వైజాగ్)

చెల్లెమ్మా, మేక్‌బెత్ తన రాజు డంకన్‌ని చంపే కథ. చంపుకునే కథలో నెత్తురు కారకపోతే పన్నీరు కారుతుందా? మన ఫ్యాక్షన్ సినిమాల్లో ఇంతకు పదింతలు ఉంటుంది, దానికెవరూ సెమినార్లు పెట్టలేదు. లెక్చరర్లకి పని లేక ప్రతి వస్తువుకీ ఒక ప్రతీక అంటగడతారు. నా సలహా: గైడ్‌లో ఉన్నది చెప్పెయ్, మార్కులు వస్తాయి.

గంటస్తంభం_మాస్టారు (విజయనగరం, రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్)

పలాస బాబూ, పని లేని లెక్చరర్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి జవాబు చెప్పుకోవాలి. నెత్తురు ఎంత ఉందని కాదు చూడాల్సింది. ఎవరికి కనిపిస్తోంది, ఎవరికి కనిపించడం లేదు అన్నది చూడు.

మేక్‌బెత్ స్నేహితుడు బాంకోని మన కళ్ల ముందే చంపుతారు. మేక్‌డఫ్ అనే ప్రభువు కొడుకుని, చిన్న పిల్లాణ్ణి, మన కళ్ల ముందే పొడుస్తారు. వీటన్నిటికీ మూలమైన డంకన్ హత్య మాత్రం మనకు చూపించడు. గది తలుపు అవతల జరుగుతుంది. మన వాటాకి వచ్చేవి రెండు జతల చేతులు. నెత్తురు చూపించి ప్రేక్షకుణ్ణి బెదరగొట్టడమే ఉద్దేశమైతే ఆ పెద్ద హత్యని వదులుకునేవాడా?

ఇంకోటి. హత్యకి ముందు మేక్‌బెత్‌కి గాల్లో కత్తి కనిపిస్తుంది కదా. మొదట అది శుభ్రమైన కత్తే. చూస్తుండగానే దాని మీదా పిడి మీదా నెత్తురు చుక్కలు వస్తాయి, ఇంతకుముందు ఇవి లేవే అనుకుంటాడు. అంటే నెత్తురు ఇంకా కారకుండానే కంటికి వచ్చేసింది. అయిదో అంకంలో ఆయన భార్య, లేడీ మేక్‌బెత్, నిద్రలో నడుస్తూ చేతులు తోముకుంటుంది, అక్కడా నెత్తురు లేదు. ఎప్పుడో పోయింది. లేని నెత్తుటితో మొదలై లేని నెత్తుటితో ముగుస్తుంది వాళ్ల వ్యవహారం. మధ్యలో కాసేపు నిజం నెత్తురు.

అరసవల్లి_శర్మ (శ్రీకాకుళం)

మాస్టారు చెప్పిన 'తలుపు అవతల' గురించి ఒక మాట. యుద్ధాన్నీ మరణాన్నీ రంగం మీద నేరుగా చూపించవద్దు, ప్రవేశకాల్లో, అంటే అంకాల మధ్య వచ్చే చిన్న రంగాల్లో, ఎవరో వచ్చి చెబుతుండగా తెలియాలి అన్నాడు నాట్యశాస్త్రం రాసిన భరతుడు. డంకన్ హత్య అచ్చం ఆ పద్ధతిలో నడిచింది. షేక్స్‌పియర్‌కి భరతుడు తెలియడు, ఆ ఊహ వద్దు. నాటకం తెలిసినవాళ్లిద్దరికి ఒకటే బుద్ధి పుట్టింది.

అమ్మాయి ప్రశ్నకి నా జవాబు ఇది. నెత్తురు ఒక్కటే, రసం మారుతోంది. మొదటి అంకంలో సైనికుడి ఒంటి మీదున్న నెత్తురు వీరరసానికి ఆలంబన, అంటే ఆధారం; దాని స్థాయి, అంటే నిలిచి ఉండే భావం, ఉత్సాహం. రెండో అంకంలో అదే పదార్థం భయానకం. అయిదో అంకంలో ఆవిడకి వాసన వస్తోంది చూశారూ, అరేబియా అత్తర్లన్నీ పోసినా ఈ చిన్న చెయ్యి బాగుపడదంటుంది, అది బీభత్సం. స్థాయి జుగుప్స. అయితే ఆ జుగుప్స మనకి ఆవిడ మీద కలగడం లేదు, ఆవిడకి తన చేతి మీద కలుగుతోంది. మనకి కలిగేది జాలి. చూసేవాడికి కరుణం, చేసినదానికి బీభత్సం. ఒకే క్షణంలో రెండూ నిలబెట్టడం సామాన్యమైన పని కాదు.

కాళిదాసునీ షేక్స్‌పియర్‌నీ పక్కపక్కన పెట్టి 'నవరస తరంగిణి' కూర్చిన ఆదిభట్ల నారాయణదాసు గారు తిరిగిన జిల్లాలు మనవి. ఈ కళ్లద్దాలతో షేక్స్‌పియర్‌ని చూడటానికి మనం మొహమాటపడక్కర్లేదు.

నాగావళి_గట్టు

శర్మ గారూ, ఇది నాకు చాలా పనికొస్తుంది. కానీ మా సార్ 'స్థాయి, ఆలంబన ఇవన్నీ తెలుగు డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చేయ్' అంటారేమో.

అరసవల్లి_శర్మ

అనమను. నేను వచ్చి వాదిస్తాను.

నైట్‌డ్యూటీ (శ్రీకాకుళం, స్టాఫ్ నర్సు)

నేను సాహిత్యం మనిషిని కాదు, ఇంటర్‌లో కథగా చదువుకున్నది గుర్తు. ఈ చర్చ చూసి నిన్న రాత్రి డ్యూటీలో ఆ రెండు రంగాలూ ఫోన్లో మళ్లీ చదివాను. పని అనుభవంతో రెండు ముక్కలు.

నెత్తురు పచ్చిగా ఉన్నప్పుడు చల్లనీళ్లకి ఇట్టే పోతుంది. కొత్తగా చేరిన పిల్లలు తెలియక వేణ్నీళ్లు పోస్తారు, దాంతో మరక బట్టలోకి పట్టేసి ఇక ఊడి రాదు. చేతులైతే సబ్బు, నీళ్లు చాలు. కాబట్టి 'కాసిని నీళ్లతో ఈ పని మనల్ని వదిలిపోతుంది' అని ఆవిడ రెండో అంకంలో అన్నది పచ్చి నిజం. ఆ రాత్రి నిజంగానే పోయి ఉంటుంది. చేతి గీతల్లోనూ గోళ్ల సందుల్లోనూ కాస్త మిగిలి, ఎండి గోధుమరంగుకి తిరుగుతుంది. అదీ ఒకటి రెండు స్నానాలకి పోయేదే.

వాసన సంగతి వేరు. చేతులు శుభ్రంగా కనిపిస్తాయి, ఇనుము లాంటి వాసన ముక్కులో ఉండిపోతుంది. ఇంటికెళ్లి అన్నం కలుపుకునేటప్పుడు గుర్తొస్తుంది. పెద్ద బ్లీడింగ్ కేసు చూసొచ్చిన రోజున నాకూ మా వాళ్లకీ అలవాటైన సంగతే ఇది. అయిదో అంకంలో ఆవిడకి ముందు మచ్చ కనిపిస్తుంది, తర్వాత వాసన వస్తుంది. ఆ వరస రాసినవాడు ఎవరో నెత్తుటి పని చేసేవాళ్లని దగ్గరగా చూశాడు.

పలాస_జీడిపప్పు

మేడమ్ పోస్టు చదివాక నా పన్నీరు జోకు వెనక్కి తీసుకుంటున్నా అనను గానీ, కాస్త పక్కన పెడతా. మరి ఒక డౌట్. చంపింది ఆయన. పిచ్చెక్కింది ఆవిడకి. ఇదేం న్యాయం? ఆయనే కదా మొదట్లో సముద్రాలన్నీ కలిసినా నా చెయ్యి కడగలేవు, నా చెయ్యే పచ్చటి సముద్రాన్ని ఎర్రగా చేసేస్తుంది అని గోల పెట్టింది?

గంటస్తంభం_మాస్టారు

ఇదీ అసలు ప్రశ్న. పలాస బాబూ, నువ్వు తెలిసి అడిగినా తెలియక అడిగినా నాటకం నడుము పట్టుకున్నావు.

రెండో అంకం రెండో రంగం మళ్లీ మెల్లిగా చదవండి. మేక్‌బెత్ హత్య చేసి బయటికి వచ్చాడు, కత్తులు కూడా తెచ్చేశాడు. అవి కాపలావాళ్ల దగ్గర ఉండాలి కదా, తీసుకెళ్లి పెట్టు, వాళ్లకి నెత్తురు పుయ్యి అంటుంది ఆవిడ. ఆయన కదలడు. చేసినది తలుచుకుంటేనే భయంగా ఉంది, మళ్లీ చూడలేను అంటాడు. అప్పుడు ఆవిడ విసుక్కుంటుంది: నిద్రపోయేవాళ్లూ చచ్చినవాళ్లూ బొమ్మలతో సమానం, బొమ్మలో దెయ్యాన్ని చూసి జడుసుకునేది పసిపిల్లల కళ్లే. కత్తులు లాక్కుని లోపలికి వెళుతుంది.

అంటే ఏమైంది? పొడిచింది ఆయన, తర్వాత కన్నెత్తి చూడలేదు. పొడవనిది ఆవిడ, వెళ్లి చూసింది. దీపం వెలుతురులో, దగ్గరగా, వంగి, ఆ నెత్తుట్లో చేతులు ముంచి కాపలావాళ్ల మొహాలకి పూసింది. ఆ గదిలో ఆవిడ ఎంతసేపు ఉందో, ఏం చూసిందో ఆ రంగంలో ఒక్క మాట చెప్పదు. తిరిగొచ్చి 'నా చేతులూ నీ రంగుకే వచ్చాయి, కానీ నీలాంటి తెల్లటి గుండె మోయడానికి నాకు సిగ్గు' అని దబాయిస్తుంది. లోపల చూసినది మనకి తెలిసేది అయిదో అంకంలో, నిద్రలో: ఆ ముసలాయన ఒంట్లో అంత నెత్తురుంటుందని ఎవరనుకున్నారు?

ఆ వాక్యం అపరాధం గురించి కాదు. పాపం చేశాను అనడం లేదు. నెత్తురు పరిమాణం చూసి దిమ్మతిరిగిన మనిషి మాట అది. ఇంకొక్కటి జోడించుకోండి. ఆయన లోపల హత్య చేస్తుండగా ఆవిడే అంది, నిద్రలో డంకన్ మా నాన్నలా లేకపోతే నేనే పని కానిచ్చేదాన్ని అని. అందుకే రాజు అనదు, డంకన్ అనదు. ముసలాయన అంటుంది.

నాగావళి_గట్టు

మాస్టారూ! ఇది ఏ గైడ్‌లోనూ లేదు. అయితే ఇద్దరూ చోట్లు మార్చుకున్నారని అనొచ్చా? సముద్రం కూడా చాలదన్నవాడు చివరికి ఏమీ పట్టని స్థితికి వెళ్లాడు, కాసిని నీళ్లు చాలన్నావిడ పావుగంట సేపు చేతులు తోముకుంటూ ఉంది. ఆ పావుగంట అన్నది పరిచారిక వైద్యుడికి చెప్పే మాటే, నా లెక్క కాదు.

గంటస్తంభం_మాస్టారు

అనొచ్చు అమ్మా. కానీ 'మార్చుకున్నారు' అంటే ఇచ్చిపుచ్చుకున్నట్టు ఉంటుంది. మూడో అంకం తర్వాత వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే ఆగిపోతుంది. ఎవరి నెత్తురు వారిదే.

బొబ్బిలి_వీణ

ఇంతసేపూ ఊరుకున్నాను. నిద్రపోతున్న రాజుని రాత్రిపూట పొడిచిన కథ అనగానే మా ఊళ్లో ఎవరికైనా గుర్తొచ్చేది స్కాట్లండ్ కాదు. 1757. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చి బొబ్బిలి కోట కూల్చాక, తాండ్ర పాపారాయుడు రాత్రి డేరాలో దూరి విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుని పొడిచి చంపాడు. అదీ రాత్రే, అదీ కత్తే, అదీ నిద్రలో ఉన్న రాజే. బుర్రకథలో ఆ ఘట్టం వచ్చేసరికి జనం ఈలలు వేస్తారు. పాపారాయుడి చేతి నెత్తురు కడుక్కోమని ఎవరూ అనరు. అది అలా ఉంటేనే అందం. మరి ఒకచోట మచ్చ, ఇంకోచోట పతకం ఎలా అయింది?

కోట_జంక్షన్ (విజయనగరం)

ఈలలు మీ ఊళ్లో వేస్తారండీ. మా ఊళ్లో అదే కథ ఇంకోలా వింటారు.

బొబ్బిలి_వీణ

వినండి, వద్దన్నామా? డేరాకి కాపలా పెట్టుకోవాల్సింది.

కోట_జంక్షన్

ఫిరంగుల ముందు కోట ఎన్నాళ్లు నిలిచిందో కూడా చెప్పండి మరి.

మోడరేటర్

బొబ్బిలి యుద్ధం 1757లో అయిపోయింది. ఈ థ్రెడ్‌లో మళ్లీ పెట్టకండి. షేక్స్‌పియర్ దగ్గరికి రండి.

అరసవల్లి_శర్మ

మోడరేటర్ గారూ, బొబ్బిలి వారి ప్రశ్న పక్కదారి కాదు, దానికి జవాబు నాటకంలోనే ఉంది. మొదటి అంకం ఏడో రంగంలో మేక్‌బెత్ తనకు తానే చెప్పుకుంటాడు: ఆయన ఇక్కడ రెండు రకాల నమ్మకం మీద పడుకున్నాడు. నేను ఆయన చుట్టాన్ని, ఆయన బంటుని. పైగా నా ఇంటికి వచ్చిన అతిథి, హంతకుడు రాకుండా నేను తలుపు వెయ్యాలి గానీ నేనే కత్తి పట్టడమేమిటి?

పాపారాయుడికి ఆ నమ్మకం బాకీ లేదు. ఆయన శత్రువు డేరాలోకి వెళ్లాడు, చుట్టం పడకగదిలోకి కాదు. భట్టనారాయణుడి 'వేణీసంహారం'లో భీముడు సుయోధనుడి నెత్తురు అంటిన చేతులతోనే ద్రౌపది జడ ముడుస్తానని శపథం చేస్తాడు. కడుక్కుని వచ్చి ముడిస్తే ఆ శపథానికి విలువే లేదు. అందరి ముందూ చెప్పి చేసిన పని, అందరికీ చూపించాల్సిన చెయ్యి. మేక్‌బెత్ పని చాటుది. అందుకే ఆ నెత్తుటికి 'సాక్షి' అని పేరు పెట్టింది ఆవిడ: ఆ పాడు సాక్షిని నీ చేతి మీంచి కడిగెయ్ అంటుంది. ఎవరికీ చూపించలేని నెత్తురే మరక.

బొబ్బిలి_వీణ

ఇది ఒప్పుకుంటాను. కానీ శర్మ గారూ, మొదటి అంకంలో బొడ్డు నుంచి దవడ దాకా చీల్చినప్పుడు చాటు లేదు కదా. అందరూ చూశారు, రాజు బిరుదు ఇచ్చాడు. చేతులు బాగా అలవాటు పడింది అక్కడే. చీల్చడం నేర్పి, మెచ్చుకుని, ఇంటికి భోజనానికి వచ్చి పడుకున్నాడు డంకన్. నాకు ఆయన మీద జాలి కంటే ఆశ్చర్యం ఎక్కువ.

తెరవెనక (విజయనగరం, నాటక ప్రయోక్త)

మీరంతా పుస్తకంలో నెత్తురు చూస్తున్నారు. నేను దాన్ని గిన్నెలో కలిపినవాణ్ణి. ఈ నాటకంలో రెండో అంకం ఒక్కటే తెలుగులోకి మార్చి ఆడించాం కొన్నాళ్ల కింద.

గ్లిజరిన్‌లో ఎరుపు ఫుడ్ కలర్, మరీ నాటకాల ఎరుపులా మెరవకుండా చిటికెడు కాఫీ పొడి. ఒంటికి హాని లేదు, కానీ జిగురు. నటికి వేళ్లు అంటుకుపోయి, ఆ అంటుకోవడం వల్ల మొహంలో రావాల్సిన చిరాకు దానంతట అదే వచ్చింది. దాన్ని అలాగే ఉంచేశాం. రాత్రి రంగమని మా లైట్ల కుర్రాడు నీలం ఫిల్టర్ వేశాడు. నీలం కింద ఎరుపు నల్లగా అయిపోయింది. చేతులకి బురద పూసుకొచ్చినట్టు ఉంది. నెత్తురు కదా అని ఎర్ర లైటు వేస్తే ఇంకా ఘోరం, ఎరుపు మీద ఎరుపు పడి చేతులు కడిగేసినట్టు మామూలుగా కనిపించాయి! ఆఖరికి పక్క నుంచి పసుపు తెలుపు కలిసిన ఒక్క చిన్న లైటు, చేతుల ఎత్తులో, మిగతాదంతా చీకటి. అప్పుడు వెనక వరస దాకా తెలిసింది.

అప్పటి నుంచీ నా అభిప్రాయం: ఈ నాటకంలో అసలు ప్రతీక చేతులు, నెత్తురు కాదు. బాకు పట్టుకోబోయేది చెయ్యి. ఇవేం చేతులు, నా కళ్లు పీకేస్తున్నాయి అనేది చేతుల్ని చూసి. చివర్న ఆవిడ చిన్న చెయ్యి. నా ఓటు చేతులకి.

నైట్‌డ్యూటీ

చేతులకి ఓటేస్తే, బాంకో దయ్యం సంగతేం చేస్తారు సార్? అక్కడ నెత్తురు ఉన్నది తలలో. జుట్టంతా నెత్తుటి అట్టలు. ఆ జుట్టు నా మీద విదపకు అంటాడు మేక్‌బెత్. తల మీద ఇరవై గాట్లు అని హంతకుడు ముందే చెప్పాడు. తలకి చిన్న దెబ్బ తగిలినా ధారగా కారుతుంది, అదీ కరెక్టుగానే రాశాడు.

తెరవెనక

సరే, ఒక తల కూడా కలుపుకోండి. అయినా ఓటు మారదు.

పలాస_జీడిపప్పు

మొత్తానికి నన్ను కూడా చదివించారు. మూడో అంకం విందు అయ్యాక ఒక మాట అంటాడు: నెత్తుట్లో ఇంత దూరం దిగిపోయాను, ఇక దిగకుండా వెనక్కి వెళ్లడం ఎంత విసుగో ముందుకు వెళ్లడమూ అంతే. ఇది చదివి నేను ఆగిపోయాను. వానాకాలంలో వంశధార దాటుతూ నడిమధ్యలో, మొలలోతు నీళ్లలో నిలబడ్డవాడి మాట ఇది. ఆ గట్టా ఈ గట్టా అన్నది కాళ్ల నొప్పి లెక్క, ధర్మం లెక్క కాదు.

అక్కడ పశ్చాత్తాపం ఎక్కడుంది? 'విసుగు' అంటున్నాడు. హత్య చెయ్యడం తప్పని కాదు, మానెయ్యడం శ్రమ అని! మీ గైడ్లు చెప్పే అపరాధ భావన ఇక్కడికి చచ్చిపోయింది. దీని తర్వాతే మేక్‌డఫ్ పెళ్లాం పిల్లల్ని చంపించాడు. వాళ్లు ఆయనకి ఏ అడ్డూ కాదు.

నాగావళి_గట్టు

అన్నయ్యా, ప్రతీకలు వద్దన్నది మీరేనా? ఇది నేను వాడుకుంటాను, చెప్పే వాడుకుంటాను.

ఇందుకు తగినది ఇంకోటి దొరికింది. అయిదో అంకం మూడో రంగంలో ఇంగ్లిష్ సైన్యం వస్తోందని చెప్పడానికి ఒక కుర్రాడు వణుకుతూ వస్తాడు, మొహం పాలిపోయి. మేక్‌బెత్ వాణ్ణి, పో, మొహం గుచ్చుకుని ఆ భయం మీద ఎరుపు పూసుకో అని తిడతాడు. ఒకప్పుడు తన చేతి నెత్తురు చూసి సముద్రాల గురించి మాట్లాడినవాడికి ఇప్పుడు నెత్తురు మొహానికి రాసుకునే రంగు.

గంటస్తంభం_మాస్టారు

బాగా పట్టావమ్మా. ఆ కుర్రాడి పాలిపోయిన మొహం పక్కన, రెండో అంకంలో ఆవిడ వెక్కిరించిన 'తెల్లటి గుండె' పెట్టుకో. తెలుపంటే పిరికితనం, ఎరుపంటే మగతనం అని ఆ ఇంట్లో ఇద్దరూ నమ్మారు. మొదటి అంకంలో ఆవిడ దుష్టశక్తుల్ని కోరుకున్నదీ అదే: నా నెత్తురు చిక్కబరచండి, జాలి లోపలికి వచ్చే దారులు మూసెయ్యండి. ఆవిడ నెత్తురు చిక్కబడలేదు, ఆయనది చిక్కబడింది. వరం అడిగింది ఒకరు, దక్కింది ఇంకొకరికి.

ఇది 1606 ప్రాంతపు నాటకం అని కూడా సెమినార్‌లో ఒక వాక్యం చెప్పు. 1605 నవంబరులో లండన్‌లో పార్లమెంటు కింద తుపాకిమందు పీపాలు పెట్టి రాజుని లేపేయాలని చూసిన కుట్ర బయటపడింది. అప్పటి ప్రేక్షకుడికి రాజు నెత్తురు అన్నది ఊసుపోని కబురు కాదు. అక్కడే ఆగిపో, చరిత్రలోకి మరీ దూరకు.

నైట్‌డ్యూటీ

ఎవరూ ముట్టుకోని నెత్తురు ఒకటి మిగిలిపోయింది. నాలుగో అంకంలో మంత్రగత్తెలు చూపించే రెండో ఆకారం, నెత్తుటి పసివాడు. అది చూసి మేక్‌బెత్ హత్య అనుకుంటాడు. ఆ పిల్లాడు కూడా నెత్తుటికి వెనుదీయకు, తెగించు, ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ నిన్నేమీ చెయ్యలేడు అని పంపేస్తాడు.

లేబర్ రూమ్‌లో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఒళ్లంతా నెత్తురుతో ఉన్న పసివాడు అంటే చచ్చినవాడు కాదు, ఇప్పుడే పుట్టినవాడు. మేక్‌డఫ్‌ని నెలలు నిండకుండానే తల్లి కడుపు కోసి తీశారని చివర్లో బయటపడుతుంది. ఆ రోజుల్లో అలా తీశారంటే తల్లి దక్కడం దాదాపు లేనట్టే. ఎన్ని చావులు చూశాడో గానీ మేక్‌బెత్ ఒక్క పుట్టుక చూసినట్టు లేడు. పిల్లలు లేని ఇల్లు. జవాబు ఎదురుగా నిలబడి ఉంటే ఆయనకి ఇంకో హత్యే కనిపించింది.

అరసవల్లి_శర్మ

అమ్మా, ఈ ఒక్క పోస్టుకి నా రసాల పట్టిక చాలదు. ఈ నెత్తురు వీరమూ కాదు, బీభత్సమూ కాదు.

తెరవెనక

అద్భుతమా?

అరసవల్లి_శర్మ

ఆలోచించనివ్వండి.

తెరవెనక

ఆలోచించేలోగా నా బాధ వినండి. మళ్లీ ఆడించాలని ఉంది, ఈసారి నాటకం మొత్తం. షేక్స్‌పియర్ ట్రాజెడీల్లో ఇదే పొట్టిది, రెండు గంటల్లో కుదురుతుంది. సమస్యల్లా చివర్న. మేక్‌డఫ్ మేక్‌బెత్ తల పట్టుకుని వస్తాడు. నెత్తురు పూస్తే జనం నవ్వుతారు, పూయకపోతే రబ్బరు బంతిలా ఉంటుంది. గుడ్డలో చుట్టి తెద్దామా? పొందూరు ఖద్దరు తెల్లగా, మీద కొంచెం తడిసినట్టు?

బొబ్బిలి_వీణ

గుడ్డలో చుడితే అసలు సంగతి పోతుంది సార్. మొదటి అంకంలో తల నరికి కోట మీద పెట్టినవాడు మేక్‌బెత్, వాడు వీరుడు. చివర్న తల తెచ్చినవాడు మేక్‌డఫ్, వాడూ వీరుడే. అదే పని, అవే చప్పట్లు. అప్పుడు డంకన్ కాడర్ బిరుదు ఇచ్చాడు, ఇప్పుడు డంకన్ కొడుకు మాల్కం అందరికీ ఎర్ల్ బిరుదులు పంచుతున్నాడు. తల కనిపించాలి. నెత్తురు కూడా మొదటి సైనికుడికి పూసిన గిన్నెలోదే పుయ్యండి.

పలాస_జీడిపప్పు

అంటే మాల్కం ఇంకో పదేళ్లకి ఇంకో మేక్‌బెత్‌ని తయారు చేస్తాడంటారా? వాడు మంచోడే కదా, చనిపోయిన మేక్‌బెత్‌ని కసాయి అని తిట్టాడు.

గంటస్తంభం_మాస్టారు

మాల్కం మంచివాడో కాదో తర్వాత. వాడి తమ్ముడు డోనల్‌బెయిన్ ఎక్కడున్నాడో చూడండి ముందు. తండ్రి చచ్చిన పొద్దున, నెత్తుటి చుట్టరికం దగ్గరైనకొద్దీ నెత్తురు తాగే కత్తీ దగ్గరే అని చెప్పి ఐర్లండ్ పారిపోయాడు. అయిదో అంకంలో అన్న సైన్యంతో వస్తుంటే తమ్ముడు కూడా ఉన్నాడా అని ఎవరో అడుగుతారు. లేడు, పేర్ల జాబితా నా దగ్గరుంది అంటాడు లెనాక్స్ అనే ప్రభువు. నాటకం ముగిసేదాకా తిరిగి రాడు.

తెరవెనక

రాకపోతే ఒక నటుడి ఖర్చు మిగులుతుంది మాస్టారూ.

కోట_జంక్షన్

మిగలదు. ఆఖరి రంగంలో మాల్కం బిరుదులు పంచుతుంటే ఆ గుంపులో వెనకాల డోనల్‌బెయిన్‌ని నిలబెట్టండి. డైలాగ్ వద్దు. చేతులు ఖాళీగా, శుభ్రంగా.

అరసవల్లి_శర్మ

లెనాక్స్ లేడన్నవాణ్ణి మీరు ఎలా నిలబెడతారండీ? మూలంలో లేని మనిషిని రంగం మీదికి తేవడానికి ప్రయోక్తకి హక్కుందా?

మోడరేటర్

ఇది వేరే థ్రెడ్. తెరవెనక గారూ, 'ప్రయోక్త హక్కు' అని కొత్తది తెరవండి, అక్కడ కొట్టుకుందాం. నాగావళి గారూ, సెమినార్ తేదీ, టైము ఇక్కడ పెట్టండి. శర్మ గారు వస్తానన్నారు కదా.

నాగావళి_గట్టు

గురువారం మధ్యాహ్నం. శర్మ గారూ, నిజంగా వస్తే ముందే చెప్పండి, మా సార్‌కి చెప్పి ఉంచాలి.